బహర్ నీళ్లు

అక్టోబరు 11

గౌసన్న ఇవాళ చేపల్ని తెచ్చాడు. కూరకు కాదట, పెంచుకోవడానికట. ఈ ఇంట్లో నన్ను పెంచుతున్నది చాలదన్నట్టు.

ఈ కువైట్‌లో వఫ్రా తోటల నుంచి కూరగాయల బండి నడిపే మనిషి టమాటాలో దోసకాయలో తేవాలి గాని, పెయింటు డబ్బాలో వేలెడంత చేపల్ని వేసుకుని రావడమేమిటి? గాజుతొట్టి ముందే సిద్ధం చేసి ఉంచాడు. కింది అంతస్తువాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ చెత్తకుండీ పక్కన పారేసిన తొట్టి అది. పగులుకు ఏదో జిగురు పూసి, హాల్లో నేను పడుకునే చాప పక్కనే పెట్టాడు. గాలి కొట్టే మోటారు ఒకటే గుర్రుమంటోంది. ఆ గోలలో లిఫ్టు చప్పుడు వినబడడం లేదు. నాకు లిఫ్టు చప్పుడు వినబడాలి. మా అంతస్తులో ఆగిందో పైకి పోయిందో తెలియాలి.

గౌసన్న భార్య బుడేన్‌బీ అక్కతో ఆ మాటే అన్నాను.

"ఇనపడకుంటే మేలేలేమ్మే. ఇని ఇని సగమైపోయినావు" అంది.

మహబూలాలోని ఈ ఇంటికి వచ్చాక నేను కిందకు దిగలేదు. కొత్తలో ఒకసారి దిగబోయాను. మెట్ల మీద ఎవరో "చెకింగ్" అన్నారు. పోలీసులనుకున్నాను. అంతే, కాళ్లు నావి కాకుండా పోయాయి. అక్కడే కూలబడ్డాను. అక్క, గౌసన్న చెరో రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చారు. తీరా చూస్తే వాళ్లు లిఫ్టు చెకింగ్ వాళ్లు.

నేను పనిచేసిన ఇంటి యజమానురాలు, మామా అని పిలవాలి ఆవిడని, ఆ మామా ఇంటి సంగతి ఇక్కడ రాయను. రాయకూడదని ముందే అనుకున్నాను. బయటికి వచ్చేశాను, పారిపోయిందని నాకు వీసా ఇచ్చిన కఫీల్, ఆవిడ మొగుడు, కేసు పెట్టాడు. అంతవరకే. నాలాంటి వాళ్లకు ప్రభుత్వం మాఫీ ఇస్తుందంటున్నారు. వస్తే జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. ఈలోగా దొరికితే నన్ను జైల్లో పెట్టి పంపేస్తారు. నన్ను దాచినందుకు అక్కనూ పంపేస్తారు. రాయచోటి నుంచి వచ్చి, సగం జీవితం ఇక్కడి ఇళ్లలో పనిచేసి, కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకున్న మనిషి. నాకు చుట్టం కాదు, మా చర్చి కాదు, మా కోనసీమ కాదు. బస్టాపులో ఏడుస్తుంటే "తెలుగులో ఏడుస్తాండావే" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

మా ఇంట్లో వాళ్లకు మాత్రం ఇంకా మామా ఇంట్లోనే ఉన్నానని చెబుతున్నాను.

అక్టోబరు 13

లైటు వేస్తే చాలు, చేపలు బెదిరిపోయి గాజుకేసి మూతులు కొట్టుకుంటున్నాయి. కొట్లో కొన్నవైతే ఇలా చేయవట. ఇవి పట్టుకొచ్చినవి. మగవాటికి పసుపు తోక, దాని మీద నల్ల చారలు. ఆడవి మాసిన వెండిరంగు. ఒక ఆడచేప ఇటుక వెనక్కి పోయి ఇప్పటివరకూ బయటికి రాలేదు. తిండి వేసినా రాలేదు.

దాన్ని చూస్తుంటే నాకు చిరాకేస్తోంది.

అక్టోబరు 19

చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. అయినా రాస్తాను.

పొద్దున్నే అక్కకు ఫోను వచ్చింది. అవతల ఎవరో ముసలి గొంతు, నాకూ వినబడేంత గట్టిగా. "హా... బాహర్? అచ్ఛా, బాహర్" అని పెట్టేసి, నా వైపు తిరిగింది.

"అమ్మే నిస్సీ, చేపలకు నీళ్లు మార్చల్ల. పోయి సముద్రం నీళ్లు తేపో."

"నేనా? నేనెలాగెల్తానక్కా?"

"నేను పనికి పోవల్ల, ఆయన బండికి పోవల్ల. ఇంగెవురుండారు? చేపలే పోయి తెచ్చుకోవల్లా?"

"కుళాయి నీళ్లు పోసేద్దామక్కా."

"చస్తాయ్. సముద్రం చేపలవి. మూగజీవాల ఉసురు నీకే తగుల్తాది చూడు."

వాళ్ల ఉర్దూ నాకు రాదు. కానీ బహర్ అంటే తెలుసు. సముద్రం. సెలవు రోజున ఒడ్డున ఉన్న వాళ్ల విడిది ఇంటికి, షాలేకు పోతున్నప్పుడు మామా పిల్లలు కారులో గంతులేస్తూ అరిచే మాట అదే. "బహర్! బహర్!" అక్క ఎవర్నో అడిగి సముద్రం పోటు మీద ఉందో లేదో కనుక్కుంటోందన్నమాట. చేపల మీద ఉన్న శ్రద్ధ నా ప్రాణం మీద లేదు.

తన నల్ల అబాయా నాకు తొడిగి, చేతికి బకెట్టిచ్చి, వాకిట్లోకి తోసినంత పని చేసింది. "నేను ఫోన్ చేసేదాకా రావాకు. నీళ్లు తేటపడల్ల" అంది. సముద్రం పక్కన పుట్టినదాన్ని, నాకే నీళ్ల సంగతి చెబుతోంది!

మెట్లన్నీ గోడ పట్టుకుని దిగాను. పెద్ద రోడ్డు దగ్గర ఆగిన ప్రతి కారూ నా కోసమే ఆగినట్టుంది. ఒడ్డున ఒక రాయి చూసుకుని దాని మీద ముడుచుకుని కూర్చున్నాను. గాలి విపరీతం. ప్రభువా ప్రభువా అనుకోవడం తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఎంతకీ ఫోను రాదే! నీళ్లు ఎప్పుడో తేటపడ్డాయి. ఆఖరికి ఎండ నెత్తికెక్కాక, "ఇంగ రా" అంది.

అక్టోబరు 20

చేపలు బాగానే ఉన్నాయి. నాకే జ్వరం.

నవంబరు 3

మళ్లీ పంపింది. మళ్లీ అదే ఫోను, అదే బాహర్, అదే హడావిడి.

ఈసారి నా రాయి దగ్గర గాలం వేసుకుని ఒక కువైటీ పెద్దాయన ఉన్నాడు. బకెట్టు వైపు చూసి, "శిను హాదా?" అన్నాడు. ఇదేమిటని. "మాయ్ బహర్... సమక్" అన్నాను. సముద్రం నీళ్లు, చేపలకు అని. ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, అడుగుతాడని చూస్తున్నాను. ఆయన పకపకా నవ్వాడు. సముద్రాన్ని ఇంటికి తీసుకుపోతున్నావా అన్నాడు. తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. కప్పు పట్టుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది.

మంచివాడే. మంచివాళ్లంటే ఇంకా భయం. ఊరు పేరు అడుగుతారు.

నవంబరు 4

ఇవాళ కూడా పంపింది! నిన్ననే కదా నీళ్లు మార్చాను!

నవంబరు 16

ఒక సంగతి గమనించాను. తర్వాత పది రోజులకు పైగా అక్క నీళ్ల మాటే ఎత్తలేదు. తొట్టి పాచి పట్టి ఆకుపచ్చగా అయింది, వాసన వేసింది. "అక్కా, నీళ్లు మార్చొద్దా?" అంటే, "ఉండనీలేమ్మే, తొందరేముంది" అంది. నేనే పాచి గీకి శుభ్రం చేసుకున్నాను. ఇవాళ నీళ్లు అద్దంలా ఉంటే, ఫోను రాగానే "పో, పో, చేపలు చస్తాయ్" అని తరిమింది.

మతి పోయిందా ఈవిడకు?

నవంబరు 17

ఒక ఆలోచన వచ్చింది. రాయకూడదు అనుకుంటూనే రాస్తున్నాను. నన్ను వదిలించుకోవాలని చూస్తోందేమో. నేరుగా పొమ్మనలేక, రోడ్డు మీదికి పంపి, దొరికితే దొరికిందిలే అనుకుంటోందేమో. ఫోను చేసేది ఎవరు? నన్ను ఎవరికైనా అప్పగిస్తోందా? ఫలానా సమయానికి ఒడ్డున ఉంటుంది, నల్ల అబాయా, చేతిలో నీలం బకెట్టు అని చెబుతోందా?

కాదు. ముల్లు తీసిన చేపముక్క నా కంచంలో వేసే మనిషి అలా చేయదు.

చేయదనే అనుకుంటున్నాను. సంచీ సర్దిపెట్టుకున్నాను. బట్టలు, బైబిలు, ఈ డైరీ. వంటింటి బాల్కనీలో వాషింగ్ మెషీను వెనకాల ఉంచాను.

నవంబరు 27

ఇటుక వెనక చేప బయటికి వచ్చింది! నా చేతిలో రొట్టె పొడి తినేసి పోయింది. పెదవులతో వేలు తాకింది. అక్కను పిలిచి చూపించాను. "చూసినావా, వాకిలి బయటికి నువ్వు గూడా వస్తావులే ఒక దినం" అని నా బుగ్గ గిల్లింది.

నా కడుపులో విషం పెట్టుకుని నేనే ఏదేదో రాసుకున్నాను.

డిసెంబరు 5

అన్నాలు తింటుంటే గౌసన్న నోరు జారాడు.

"ఈ చేపలు గట్టివిలే చెల్లెమ్మా. వఫ్రాలో తోట కాడ మురిక్కాలవలో పట్టినా. ఆ నీళ్లల్లో కప్ప గూడా బతకదు. ఇవి యాడైనా బతుకుతాయ్..."

అక్క అతని కాలు తొక్కింది. నేను చూశాను.

మురుగు కాలువ! మరి ఎవరి కోసం నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ రోడ్డు దాటుతున్నాను?

డిసెంబరు 7

బాల్కనీలో బకెట్టు నిండా కుళాయి నీళ్లు పట్టి ఒక రోజంతా ఉంచాను. నీళ్లలో కలిపే మందు వాసన పోయాక, గుప్పెడు రాతి ఉప్పు వేసి కలిపి, తొట్టిలో సగం నీళ్లు తీసి ఇవి పోశాను. చచ్చిపోతే అక్కకు ఏమని చెప్పాలి?

డిసెంబరు 9

చావలేదు. పైగా పెద్ద మగచేప ఒళ్లంతా నీలం చుక్కలు తేలి, ఆడవాటి చుట్టూ తిరుగుతోంది.

ఇక నేను కిందకు దిగనక్కరలేదు. ఈ ఒక్క వాక్యం పది సార్లు రాయాలని ఉంది.

డిసెంబరు 14

అక్క పనిలోంచి ఫోను చేసింది. "నీళ్లకు పో, తొందరగా పో" అని. "ఎల్తున్నానక్కా" అన్నాను. బాల్కనీలో సంచీ పక్కన కూర్చుని ఆరిన బట్టలు మడతపెట్టుకున్నాను. బకెట్టులో ఉప్పునీళ్లు కలిపి ఉంచాను. ఎందుకైనా మంచిది, అక్క వేలు ముంచి నాలిక్కి రాసుకుని చూస్తే?

మజా ఏమిటంటే, బాల్కనీలోంచి చూస్తుండగానే పక్క బిల్డింగు ముందు పోలీసు జీపులు ఆగాయి. కొందరిని ఎక్కించుకుని పోయాయి. గోడ కన్నా కిందికి తల దించేశాను. ఆ తర్వాత అనిపించింది, అక్క మాట విని దిగి ఉంటే సరిగ్గా వాళ్ల ఎదురుగా పడేదాన్ని కదా! ప్రభువే కాపాడాడు. ఇంట్లో ఉన్నాను కాబట్టి బతికిపోయాను.

అక్క వగరుస్తూ వచ్చి, "పోయినావు కదా? సముద్రం కాడే ఉండావు కదా?" అని రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది.

"ఉన్నానక్కా" అన్నాను.

బకెట్టులో నీళ్లు అక్క రుచి చూడలేదు. ఎప్పుడూ చూడలేదు.

డిసెంబరు 25

చర్చికి పోలేదు. అక్క పనిచేసే ఇంట్లో ఇచ్చిన కేకు ముక్క దాచి తెచ్చింది. "మీ పండగ కదమ్మే" అంది. గౌసన్న చేపలకు కూడా కొంచెం విదిల్చాడు. తిన్నాయి.

మాఫీ జనవరిలో అంటున్నారు.

జనవరి 2

మాఫీ వట్టి మాటేనట.

జనవరి 9

ఫోను వచ్చింది. శుక్రవారం, పైగా అక్కకు ఒళ్లు నొప్పులు, ఇంట్లోనే ఉంది. గౌసన్న బండికి పోయాడు. "ఎల్లొస్తానక్కా" అని తలుపు తీసి, గట్టిగా వేసి, చప్పుడు కాకుండా వంటింట్లోంచి బాల్కనీలోకి వచ్చేశాను. అక్క గదిలో ఉంది, చూడలేదు. బకెట్టు సిద్ధంగా ఉంది, ఉప్పు కలిపాను. ఇక్కడ కూర్చునే రాస్తున్నాను. చిన్నపిల్లలా దాగుడుమూతలు ఆడుతున్నందుకు నాకే నవ్వొస్తోంది.

లిఫ్టు ఆగింది. మా అంతస్తే.

జనవరి 21

సంచీ ఇవాళ చేతికి వచ్చింది. ఇక్కడ, ఊళ్లకు పంపేముందు ఉంచే ఈ హాల్లో, మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు గాని రాసేవాళ్లు లేరు. నేను రాస్తాను.

ఆ రోజు బెల్లు కొట్టలేదు, తలుపు బాదారు. అక్క తీసింది. పోలీసులు, ముగ్గురో నలుగురో. వాళ్లతో మా బిల్డింగు కాపలా చూసే హారిస్, ఆ యూపీ ముసలాయన. అతనితో నేనెప్పుడూ మాట్లాడింది లేదు. అక్క గొంతులో ఇంత బెదురు కూడా లేదు. ఇఖామా చూపించింది. నేను, నా మొగుడు, అంతే అంది. చేపల్ని చూసి ఒక పోలీసు ఏదో అంటే నవ్వింది కూడా. అంత ధైర్యం ఎక్కడిదా అని ఆశ్చర్యపోయాను. ఇప్పుడు తెలుస్తోంది, నేను ఇంట్లో లేననుకుని వచ్చిన ధైర్యం అది.

ఇంకా వెనక్కి నక్కబోతే నా మోకాలు బకెట్టుకు తగిలింది. నీళ్లు ఒలికి తలుపు కింద నుంచి వంటింట్లోకి పారాయి.

తలుపు తెరిచారు.

పోలీసు భుజం మీదుగా అక్క నన్ను చూసింది. "నువ్వు... బాహర్ పోలేదా?" అంది, గొణిగినట్టు. పక్కనే హారిస్ నెత్తి కొట్టుకున్నాడు. "బాహర్ బోలా థా న, బాహర్! బిల్డింగ్ సే బాహర్!" అన్నాడు పళ్ల మధ్య నుంచి. నేను ఆ గొంతు గుర్తుపట్టాను. ఫోనులో వినిపించే గొంతు అదే.

అప్పుడు అర్థమైంది నాకు. బహర్ కాదు. బాహర్. సముద్రం కాదు, బయట. చెకింగ్ వాళ్లు వస్తున్నారు, ఆ పిల్లను బయటికి పంపు అని చెప్పే ఫోను అది. ఆ పిల్ల సముద్రం ఒడ్డున ఉన్నంతసేపూ ఇక్కడ ఇల్లిల్లూ వెతికి పోయేవారు. ఇంట్లో క్షేమం, వీధిలో ప్రమాదం అని నేను ఎంత తెలివిగా దాక్కున్నాను!

"ఇఖామా వేన్?" అన్నాడు ఆఫీసరు. ఇఖామా ఎక్కడ?

నాకు తెలుసు, నా కాళ్లు ఇప్పుడు పడిపోతాయని. పడిపోలేదు. అక్క గోడ పట్టుకుని ఉంది. ఆమె చేతిలోని ఇఖామా కార్డు గజగజ వణుకుతోంది. ఆ వణుకు నాది. ఎప్పుడూ నాదే. ఆమె చేతిలో చూడలేకపోయాను.

మామా ఇంట్లో తిట్లు తిని నేర్చుకున్న అరబీ అంతా ఒక్కసారి నోటికి వచ్చింది. ఇఖామా లేదు అన్నాను. ఈ ఇల్లు నాది కాదు, నేను ఇక్కడ ఉండను అన్నాను. చేపలకు సముద్రం నీళ్లు తెచ్చి పోస్తాను, పోసి పోతాను, అంతే. తలుపు తీసి ఉంటే వచ్చాను. మిమ్మల్ని చూసి భయపడి ఇక్కడ నక్కాను. ఈ మామాకు నా పేరు కూడా తెలియదు.

మామా అన్నాను అక్కను. ఎవరినైతే పేరు రాయడానికి కూడా ఇష్టపడనో, ఆ మనిషిని పిలిచిన పిలుపుతో.

"మాయ్ బహర్?" అన్నాడు ఆఫీసరు. నమ్మలేదు. వంగి బకెట్టులో మిగిలిన నీళ్లలో వేలు ముంచాడు. వాషింగ్ మెషీను వెనక నా సంచీ అంచు కనబడుతోంది. నేను దాన్ని చూడకుండా అతని వేలునే చూశాను. పొద్దున గుప్పెడు వేశానా, రెండు గుప్పెళ్లా? కలిసిందా, అడుగునే ఉండిపోయిందా? అతను వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

తుపుక్కున ఉమ్మాడు. "బహర్" అన్నాడు.

హారిస్ వెంటనే అందుకున్నాడు. అవును, ఈ పిల్ల బయటి నుంచే వస్తుంది, నేను చూస్తుంటాను అని తన వంకర అరబీలో చెప్పాడు. కాగితాలు లేనివాళ్లతో పని చేయించుకుంటావా అని అక్కను నాలుగు తిట్లు తిట్టి, కార్డు ఆమె చేతిలోనే వదిలేశారు. నన్ను నడవమన్నారు. నేను తిరిగి చూడలేదు. తెలియని మనిషిని తిరిగి ఎందుకు చూస్తాను?

ఇవాళ గౌసన్న వచ్చాడు. చర్చి తరఫున వచ్చానని చెప్పాడట! సంచీ ఇచ్చాడు. మాట్లాడడానికి కాసేపు వదిలారు.

"నాకు ముందే చెప్పొచ్చు కదన్నా, చెకింగ్ అని" అన్నాను.

"చెప్తే నడుస్తావా చెల్లెమ్మా? ఆ మాటింటేనే మెట్ల మీద కూలబడ్తివి. అందుకే మీ అక్క చేపలు తెమ్మనింది. బకెట్టు చేతికిస్తే ఆ పిల్ల పని మీద ధ్యాసతో నడుస్తాది, బయం మీద కాదు అనింది."

నేను ఏడ్చాను. అక్క రాలేదేమని అడగలేదు. నేనెవరో ఆమెకు తెలియదు కదా. వారంలో నన్ను విమానం ఎక్కిస్తారు. ఇంతకాలం దేనికి భయపడి దాక్కున్నానో అదే జరిగింది. అది నన్ను ఇంటికే పంపుతోంది. ఆ మాట తలుచుకుంటే సంతోషించాలో సిగ్గుపడాలో తెలియడం లేదు.

"చేపలెలా ఉన్నాయన్నా?"

"బాగుండాయ్. పిల్లలు పెట్టినాయ్." ఆగి, తల గీరుకున్నాడు. "మీ అక్కే... దినామ్ము బకెట్టు ఎత్తుకోని సముద్రం కాడికి పోతాంది. వాటికి కుళాయి నీళ్లు సాలే, నీకు తెల్సు కదే అంటే ఇనదు. పోతాది, ఆడ రాయి మీద కూకోనుంటాది. నేను ఫోన్ చేసేదాకా రాదు."

పొద్దుటిపూట అక్కడ గాలి ఎక్కువ. అబాయా వేసుకుని పొమ్మని చెప్పన్నా అని చెప్పాను.